తూటా ఇంట్లో చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

అమెరికాలోని షూటింగ్ రేంజుల్లో కాల్పులు ఆగగానే కొందరు వంగి నేల మీద ఏదో ఏరుకుంటూ కనిపిస్తారు. వారు ఏరుకునేది పేలిపోయిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులను. తూటాలో పేలిన తరువాత కూడా పనికివచ్చే భాగం ఆ తొడుగు ఒక్కటే కాబట్టి, దానికి కొత్త ప్రైమరు బిగించి, కొత్త మందు పోసి, కొత్త గుండు అమర్చి మళ్లీ తూటాగా మార్చుకుంటారు. రీలోడింగ్ అని పిలిచే ఈ పనికి ఆ దేశంలో పెద్ద పరిశ్రమే ఉంది. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం తూటాలను అమ్మకానికి తయారు చేసేవారికే ఫెడరల్ లైసెన్సు కావాలి. సొంతానికి చేసుకునేవారికి అక్కరలేదు. అందుకే గరాజులో ఒక మూల బల్ల వేసుకుని, దానికి లివరు ఉన్న ప్రెస్సు బిగించుకుని, సెలవు రోజున వందో రెండు వందలో తూటాలు చేసుకునేవారు ఆ దేశంలో చాలామందే ఉన్నారు.

ఈ పనిలోకి దిగేవారిలో ఎక్కువమంది చెప్పే కారణం పొదుపు. సగం ధరకే తూటా వస్తుందన్న మాట తుపాకుల దుకాణాల్లోనూ రేంజుల్లోనూ ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని అందరికీ వర్తించేదీ కాదు. ఎవరికి ఎంత మిగులుతుందన్నది ప్రధానంగా వారు ఏ తూటా కాలుస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. పనివాడి నైపుణ్యం, ప్రెస్సు నాణ్యత ఆ తరువాతి సంగతులు.

లెక్కలోకి వెళ్లే ముందు సరుకు గురించి కొంత తెలియాలి. మన 'మందుగుండు' అన్న మాటలోనే తూటాలోని నాలుగు భాగాల్లో రెండు ఉన్నాయి, మందూ గుండూ. మిగిలిన రెండు తొడుగు, ప్రైమరు. తొడుగు అడుగున గుంటలో కూర్చునే చిన్న లోహపు బిళ్ల ప్రైమరు. తుపాకి పిన్ను దాని మీద పడినప్పుడు పుట్టే నిప్పురవ్వ మందును అంటిస్తుంది. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు. పాతకాలపు కంసాలుల భాషలో చెప్పాలంటే గ్రెయిను అన్నది గురిగింజ ఎత్తులో సుమారు సగం. ఇంత చిన్న తూకం ఎందుకంటే, 9 ఎంఎం పిస్తోలు తూటాలో పడే మందు సాధారణంగా నాలుగైదు గ్రెయిన్లకు మించదు. అదే .308 రైఫిల్ తూటాకు నలభై పైచిలుకు గ్రెయిన్లు కావాలి. ఒక పౌను మందుతో పిస్తోలు తూటాలు పదిహేను వందల దాకా చేయవచ్చు, రైఫిల్ తూటాలు నూట అరవైతోనే ఆగిపోతాయి. మందు ఖర్చు మాత్రమే చూస్తే పిస్తోలు తూటాకే ఎక్కువ మిగలాలి అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా కాల్చే పిస్తోలు తూటా 9 ఎంఎం కాబట్టి ముందు దాన్నే తీసుకుందాం. కొరత లేని రోజుల్లో, పెద్ద మొత్తంలో కొంటే ఫ్యాక్టరీ తూటా ఒక్కొక్కటి ఇటీవలి కాలంలో సుమారు 25 సెంట్లకు దొరుకుతోంది. ఇంట్లో చేసుకుంటే గుండుకు తొమ్మిదిన్నర సెంట్లు, ప్రైమరుకు ఏడున్నర, మందుకు రెండున్నర. ఇత్తడి నేల మీద ఏరుకున్నదే కాబట్టి దానికి సున్నా వేసుకుందాం. మొత్తం పందొమ్మిదిన్నర సెంట్లు. ఒక్కో తూటాకు మిగిలేది అయిదున్నర సెంట్లు. ఊరునిబట్టి, దుకాణాన్నిబట్టి ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతాయి కానీ లెక్క రూపం మాత్రం పెద్దగా మారదు. ప్రెస్సు, అందులో బిగించి తూటాను కొలతకు తెచ్చే అచ్చులైన డైలు, త్రాసు, ఇత్తడిని శుభ్రం చేసే టంబ్లరు, కొలతల పుస్తకం వగైరా కలిపి కనీస సామగ్రికి 350 డాలర్లు అయిందనుకుంటే, ఆ పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 6,400 తూటాలు చేయాలి. నెలకు రెండు వందలు కాల్చే మనిషికి ఇది రెండున్నర ఏళ్లు దాటిన మాట.

ఇంతవరకు శ్రమకు ధర కట్టలేదు. మొదటిసారి కొనేవారు సాధారణంగా కొనేది ఒకసారికి ఒకే పని చేసే ప్రెస్సు. లివరు ఒక్కసారి లాగితే పాత ప్రైమరు ఊడి పడుతుంది, తొడుగు మళ్లీ అసలు కొలతకు వస్తుంది. తొడుగులన్నీ ఇలా అయ్యాక డై మార్చి నోరు కొద్దిగా విప్పాలి, ప్రైమరు పెట్టాలి, మందు పోయాలి, మళ్లీ డై మార్చి గుండు దించాలి. ఒక్కో తూటా అయిదారు సార్లు చేతులు మారుతుంది. చేయి తిరిగినవారికి కూడా గంటకు వంద తూటాలు వస్తే మంచి వేగమే. గంటకు వంద అంటే గంటకు మిగులు అయిదున్నర డాలర్లు. 2009 నుంచి మారకుండా ఉన్న ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. అంటే గరాజులో కూర్చుని 9 ఎంఎం తూటాలు చేసుకునే మనిషి తనకు తాను చట్టబద్ధమైన కనీస కూలి కూడా ఇచ్చుకోవడం లేదన్నమాట. ఇష్టమైన పనికి కూలి లెక్క ఏమిటని అనవచ్చు. ఆ మాట న్యాయమే కానీ, అలా అన్న క్షణంలోనే వాదన పొదుపు నుంచి సరదాకు మారిపోతుంది.

దీనికి విరుగుడుగా లివరు లాగిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా రాలే ప్రోగ్రెసివ్ ప్రెస్సులు ఉన్నాయి. అరిజోనాకు చెందిన డిల్లన్ సంస్థ చేసే 550 వంటి యంత్రంతో గంటకు నాలుగు వందలు చేయడం కష్టం కాదు, అప్పుడు గంట మిగులు 22 డాలర్లకు చేరుతుంది. కానీ అన్ని హంగులతో ఆ యంత్రం చేతికొచ్చేసరికి వెయ్యి డాలర్ల దాకా అవుతుంది, అది తిరిగి రావడానికి పద్దెనిమిది వేల తూటాలు కావాలి. నెలకు రెండు వందలు కాల్చేవారికి ఏడున్నర ఏళ్లు. నెలకు వెయ్యి కాల్చే పోటీ షూటర్లకు ఏడాదిన్నర. అందుకే ఆ యంత్రాలు పోటీలకు వెళ్లేవారి ఇళ్లలోనే ఎక్కువగా కనిపిస్తాయి. వారికి ఇంకో లాభమూ ఉంది. యూఎస్‌పీఎస్‌ఏ అనే సంఘం నడిపే తుపాకి పోటీల్లో గ్రెయిన్లలో గుండు బరువును సెకనుకు అడుగుల్లో దాని వేగంతో గుణించి వెయ్యితో భాగించగా వచ్చే అంకె మైనర్ విభాగంలో 125కు, మేజర్ విభాగంలో 165కు తగ్గకూడదు. ఫ్యాక్టరీ తూటాలు చాలావరకు ఆ గీతకు బాగా పైన ఉంటాయి. ఇంట్లో చేసుకునేవారు గీతకు కాస్త పైనే ఆగేలా కొలుచుకుంటారు కాబట్టి తుపాకి తక్కువగా తన్నుతుంది, రెండో గుండు త్వరగా గురికి వస్తుంది. సెంట్ల లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు కానీ పోటీదారుకు అసలు లాభం ఇదే.

ఇంతకన్నా చాలా పెద్ద మిగులు చూపించే లెక్కలు కూడా తిరుగుతుంటాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకే పొరపాటు. ఎప్పుడో చవకగా కొని అటక మీద పెట్టిన సరుకుకు అప్పటి ధరే వేసుకుని, దాన్ని ఇవాళ్టి ఫ్యాక్టరీ ధరతో పోలుస్తారు. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు ముప్పై, ముప్పై అయిదు డాలర్లకు దొరికేవి, అంటే ఒక్కోటి మూడు సెంట్ల పైచిలుకు. అప్పుడు కొన్న ప్రైమరును ఇవాళ వాడుతూ మూడు సెంట్లే ఖర్చయిందని రాసుకోవడం, కిందటేడు కొన్న బియ్యాన్ని కిందటేటి ధరకే లెక్కగట్టే వ్యాపారి పద్ధతి. గోదాములో ఉన్న బస్తాకు ఇవాళ బజారులో ఏ ధర ఉంటే అదే దాని విలువ. అటక మీద ఉన్న ప్రైమరు మిగిల్చిన డబ్బు దాన్ని ముందుగా కొని ఉంచడం వల్ల వచ్చిన లాభమే కానీ రీలోడింగ్ వల్ల వచ్చింది కాదు. నిండు తూటాలే కొని దాచుకున్నా ఆ లాభం వచ్చేది.

ప్రైమరు ధర ఇంతలా పెరగడానికి కారణం చూస్తే మరో వాదన బలం కూడా తేలిపోతుంది. బజారులో తూటాలు దొరకని రోజుల్లో రీలోడింగ్ కాపాడుతుందన్నది ఆ వాదన. 2020లో కరోనా భయాలు, అల్లర్లు, ఎన్నికలు ఒక్కసారిగా వచ్చిపడి లక్షలమంది మొదటిసారి తుపాకులు కొన్నారు. 25 సెంట్లకు కూడా చేరని 9 ఎంఎం తూటా అరవై, డెబ్భై సెంట్లు దాటింది. దుకాణాల్లో ఖాళీ అయినవి తూటాలు మాత్రమే కావు, ప్రైమర్లు కూడా. అమెరికాలో ప్రైమర్లు చేసే పెద్ద పేర్లు నాలుగే, సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, విన్‌చెస్టర్. వీటిలో రెమింగ్టన్ అదే ఏడాది దివాలా తీసింది. దాని తూటాల వ్యాపారాన్ని సీసీఐ, ఫెడరల్‌లకు యజమాని అయిన విస్టా ఔట్‌డోర్ కొనుక్కుంది. 2024లో ఆ మూడు పేర్లూ కలిసి చెక్ దేశానికి చెందిన చెకోస్లోవక్ గ్రూపు చేతికి వెళ్లాయి. తూటాలకు గిరాకీ పెరిగినప్పుడు ఈ సంస్థలు ప్రైమర్లను ముందు తమ సొంత తూటాల్లో పెట్టుకుంటాయి, మిగిలితేనే విడిగా అమ్ముతాయి. రీలోడింగ్ చేసేవారు ఆ వరుసలో చివర నిలబడినవారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మందు విషయంలోనూ ఇదే జరిగింది. మందుకు ముడిసరుకైన నైట్రోసెల్యులోజు ఫిరంగి గుళ్లకూ కావాలి కాబట్టి సైన్యాల వంతు ముందు వచ్చింది. కరువుకాలంలో రీలోడింగ్ కాపాడేది కరువుకు ముందే సరుకు నిల్వ చేసుకున్నవారిని మాత్రమే. ఆ నిల్వకు కూడా హద్దు ఉంది. అమెరికాలో విస్తృతంగా పాటించే అగ్నిమాపక నియమావళి ప్రకారం ఇంట్లో మందు కంపెనీ నుంచి వచ్చిన డబ్బాల్లోనే 20 పౌన్ల వరకు, ఆ డబ్బాలను మందపాటి చెక్క పెట్టెలో పెడితే 50 పౌన్ల వరకు, ప్రైమర్లు 10,000 వరకు మాత్రమే ఉంచుకోవచ్చు.

రైఫిల్ దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా వేరు. దూరపు గురికి వాడే .308 మ్యాచ్ తూటా దుకాణంలో ఒక్కొక్కటి డాలరున్నర పైనే ఉంటుంది, ఇక్కడ 1.60 అనుకుందాం. ఇంట్లో చేస్తే మంచి మ్యాచ్ గుండుకు 45 సెంట్లు, మందుకు 28, ప్రైమరుకు 9. ఈ తొడుగు నేల మీద ఏరుకునే సరుకు కాదు, డాలరు పెట్టి కొన్నది, జాగ్రత్తగా వాడితే ఎనిమిదిసార్లు వస్తుందనుకుంటే ఒక్కోసారికి పన్నెండున్నర సెంట్లు. మొత్తం 95 సెంట్ల లోపే. ఒక్కో తూటాకు 65 సెంట్లు మిగులు. తొడుగుల పొడవు కత్తిరించే పరికరం, మెరుగైన త్రాసు కలిపి సామగ్రికి 600 డాలర్లు పెట్టినా వెయ్యి తూటాలు కాకముందే తిరిగి వస్తుంది. ఇక్కడ పని నెమ్మది, ప్రతి తూటాలో మందును విడిగా తూస్తారు, గంటకు నలభై వస్తే సరి. అయినా గంట మిగులు 26 డాలర్లు. తూటా ఇంకా పెద్దదైతే, ఉదాహరణకు .338 లపువా వంటిదైతే, ఫ్యాక్టరీ ధర చాలాసార్లు అయిదారు డాలర్ల దాకా ఉంటుంది, మిగులు సెంట్లలో కాక డాలర్లలో వస్తుంది.

ఈ తేడాకు కారణం ఫ్యాక్టరీ పద్ధతిలో ఉంది. 9 ఎంఎం తూటాలను యంత్రాలు రాత్రీ పగలూ ఆగకుండా కోట్ల సంఖ్యలో చేస్తాయి. తయారీ ఖర్చు అక్కడ అరిగి అరిగి ముడిసరుకు ధరకు దగ్గరైపోయింది. అంత చవకగా ముడిసరుకు కొనే అవకాశం గరాజులోని మనిషికి ఎప్పటికీ రాదు. గిరాకీ తక్కువున్న రకాలకు అలా కాదు. యంత్రాన్ని ఆపి, కొలతలు మార్చి, ఏడాదికి ఒక్కసారి కొన్ని రోజులు మాత్రమే ఆ రకం చేస్తారు, ఆ మార్పుల ఖర్చంతా తూటా ధరలోకి ఎక్కుతుంది. తాత కాలం నాటి వేట రైఫిళ్లకు, ఎవరూ పెద్దగా చేయని పాత తూటాలకు ధర మూడు డాలర్లు దాటి ఉండడం, ఒక్కోసారి ఏడాది పొడవునా దొరక్కపోవడం ఇందువల్లే. అలాంటి తుపాకి ఉన్నవారికి రీలోడింగ్ పొదుపు కోసం కాదు, ఆ తుపాకి పేలడానికే అవసరం.

మధ్యలో ఉన్నవాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏఆర్-15 తుపాకుల .223 తూటాకు మామూలు రకంలో పది, పదిహేను సెంట్లు మిగులుతాయి కానీ తొడుగులను కొలిచి కత్తిరించే చాకిరీ ఆ మిగులును తినేస్తుంది. .22 రిమ్‌ఫైరుకు ప్రశ్నే లేదు, దాని ప్రైమరు అంచులోనే కలిసి ఉంటుంది కాబట్టి మామూలుగా మళ్లీ నింపలేరు. షాట్‌గన్ 12 గేజి షెల్లులకు ఒకప్పుడు బాగా గిట్టుబాటయ్యేది. సీసపు రవ్వల ధర పెరిగాక ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ట్రాప్, స్కీట్ ఆటగాళ్లు చాలామంది ఆ ప్రెస్సుల మీద గుడ్డ కప్పేశారు. విచిత్రం ఏమిటంటే అంతకన్నా చిన్నవైన 28 గేజి, .410 షెల్లులలో సీసం తక్కువ పడుతుంది, అయినా గిరాకీ తక్కువ కావడంతో దుకాణంలో ధర ఎక్కువ, కాబట్టి అవి చేసుకునేవారికి ఇప్పటికీ గిట్టుతుంది. పిస్తోలు తూటాలో నిజంగా ఖర్చు తగ్గించాలంటే గుండును కూడా సొంతంగా పోతపోసుకోవాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. పాత సీసం కరిగించి అచ్చుల్లో పోసే ఆ పనికి ధర తక్కువే, కానీ సీసపు పొగ, ధూళి శరీరంలోకి వెళ్లే ప్రమాదం అందులో చేరుతుంది. పిల్లలున్న ఇంట్లో అది సెంట్లతో తూచదగిన విషయం కాదు.

పన్నులు కూడా లెక్కలో ఒక మూల ఉన్నాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద నిండు తూటాల మీద తయారీదారు 11 శాతం ఎక్సైజు పన్ను కడతాడు, అది వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. 2024 జూలై నుంచి కాలిఫోర్నియా దానిపై మరో 11 శాతం వేసింది. కాబట్టి పన్ను బరువున్న రాష్ట్రాల్లో రీలోడింగ్ వైపు త్రాసు కొంచెం మొగ్గుతుంది. ఇంకో వైపు మందు, ప్రైమర్లు ప్రమాదకర సరుకు కావడంతో తెప్పించుకున్నప్పుడల్లా ప్రత్యేక రవాణా రుసుము పడుతుంది. ఒక్క పౌను తెప్పించుకున్నా ఎనిమిది పౌన్లు తెప్పించుకున్నా ఆ రుసుము ఇంచుమించు ఒకటే కాబట్టి, కొంచెం కొంచెంగా కొనే కొత్తవారికే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

ఇక ఎవరూ లెక్కలో రాయని రెండు ఖర్చులు. తూటా చవకయ్యేసరికి మనిషి ఎక్కువ కాలుస్తాడు. నెలకు రెండు వందలు కాల్చే వ్యక్తి నాలుగు వందలకు వెళ్తే, ఒక్కో తూటాకు మిగిలినా నెలాఖరుకు ఖర్చు పెరిగే ఉంటుంది. అభ్యాసం పెరిగింది కదా అంటే పెరిగింది, కానీ డబ్బు మిగిలిందని మాత్రం అనకూడదు. రెండోది పొరపాటు ఖర్చు. 9 ఎంఎం తొడుగులో సరైన మందు పోసినా సగం ఖాళీగానే కనిపించవచ్చు. అందుకే పొరపాటున రెండోసారి పోసినా పొంగి బయటపడదు, గుండు పైన మామూలుగానే కూర్చుంటుంది, అది పేలితే తుపాకే పగిలిపోవచ్చు. మందే పడకపోతే ప్రైమరు బలానికి గుండు గొట్టంలో కొంత దూరం పోయి ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి పేలితే గొట్టం ఉబ్బిపోతుంది. ఈ భయంతోనే అనుభవజ్ఞులు యాభై తొడుగులు నిలబెట్టిన చెక్క పలక మీదికి చిన్న టార్చి పట్టుకుని, గుండు పెట్టే ముందు వరుస వెంట వరుసగా ప్రతి తొడుగులోకీ తొంగి చూస్తారు. మందు మట్టం అన్నిట్లో ఒకేలా కనిపించాలి. ఆ చూపుకు పట్టే అర నిమిషాన్ని ఎవరూ గంట లెక్కలో వేయరు, వేయకపోయినా ఫర్వాలేదు కానీ మానకూడదు. రీలోడ్ చేసిన తూటాల వల్ల తుపాకి పాడైతే చాలా తయారీ సంస్థల వారంటీ వర్తించదన్నది కూడా ఈ ఖాతాలోకే వస్తుంది.

డాలస్, హ్యూస్టన్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారిలో రేంజికి వెళ్లే అలవాటు ఉన్నవారికి ఈ లెక్కలన్నిటికన్నా ముందు ఒక విషయం తెలియాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిమందికే మినహాయింపు. అంతేకాదు, ఆ చట్టంలో తూటా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ తొడుగు, ప్రైమరు, గుండు, మందు విడివిడిగా కూడా చేరి ఉన్నాయి. రేంజి నేల మీద ఏరుకుని జేబులో వేసుకున్న ఇత్తడి కూడా చట్టం దృష్టిలో తూటాయే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం కాబట్టి, ఈ బేరీజు అమెరికాలో ఉన్నవారికే పరిమితం.

వాటన్నిటి తరువాత కూడా దిగాలా వద్దా అని తేల్చుకోలేనివారికి ఒక చవకైన దారి ఉంది. ప్రెస్సు కొనే ముందు ఆరు నెలలపాటు తాను కాల్చిన తొడుగులను రకాలవారీగా డబ్బాల్లో వేసుకుంటే, ఏ రకం ఎన్ని కాలుస్తున్నదీ ఊహకు కాక కంటికి కనిపిస్తుంది. డబ్బాల్లో 9 ఎంఎం మాత్రమే నిండితే ప్రెస్సు కొనడం కన్నా చవక రోజుల్లో వెయ్యి తూటాల పెట్టెలు కొని ఉంచుకోవడమే మేలు. రైఫిల్ ఇత్తడి ఏడాదికి మూడు నాలుగు వందలు దాటేలా ఉంటే ఒకసారికి ఒకే పని చేసే ప్రెస్సును, వీలైతే పాతదాన్నే, కొనుక్కోవచ్చు. ఆర్‌సీబీఎస్ వంటి సంస్థల పోత ఇనుప ప్రెస్సులు ముప్పై ఏళ్లు వాడినా పెద్దగా అరగవు, అందుకే పాతవి కూడా కొత్తదాంట్లో సగానికి పైగా ధర పలుకుతాయి. పని నచ్చక రెండేళ్లకు అమ్మేసినా పోయేది కొద్ది డాలర్లే.